తల లేని ఫొటోలు: ఈ ఒళ్ళు నాదేనా, పాత మగవాళ్ళ బొమ్మేనా?

సగం వెలుగు:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద ప్రశ్న, ఓపిగ్గా చదవండి.

పది నెలలుగా నా ఒంటిని నేనే ఫొటోలు తీసుకుంటున్నాను. నాకు 38 ఏళ్ళు. రెండో కాన్పు ఆపరేషన్ తర్వాత అద్దంలో చూసుకుంటే ఆ పొట్ట నాది కాదేమో అనిపించేది. రాత్రికి రాత్రి ఎవరో మార్చేసి వెళ్ళినట్టు. ఆ మాట ఎవరికి చెప్పినా "అందరికీ అంతే, తగ్గిపోతుందిలే" అనేవాళ్ళు. నేను చెబుతున్నది తగ్గడం గురించి కాదు. ఇక మాటలతో కాదనిపించి కెమెరా పట్టుకున్నాను.

ఇప్పటికి పద్నాలుగు ఫొటోలు తేలాయి. అన్నీ నలుపు తెలుపు, డిజిటల్. ఒకదాంట్లో పొత్తికడుపు మీద కుట్ల గీత వెంబడి ఒక పాత ఇత్తడి జిప్పు అంటించాను. సగం తెరిచి, లోపల నల్ల మఖమల్ గుడ్డ పెట్టాను. చూస్తే కడుపు లోపలంతా చీకటే ఉన్నట్టుంటుంది. ఇంకోదాంట్లో రొమ్ము ముందు నీళ్ళు నింపిన గాజు గిన్నె. అందులోంచి చూస్తే అది ఉబ్బి, వంగి, కన్నో పండో తెలియకుండా పోయింది. మరోదాంట్లో మనిషి లేదు. ఖాళీ కుర్చీ, దాని వీపు మీంచి నా పాత జడ ఒక్కటే వేలాడుతుంది (కత్తిరించుకున్నప్పుడు దాచిపెట్టాను, ఎందుకో అప్పుడు తెలియదు). ఆఖర్న తీసిన వాటిలో ఒకటి మాత్రం వేరే రకం. నా చేతికి మగవాళ్ళ తోలు గ్లవ్ తొడుక్కుని, వెనక నుంచి ఎవరో పట్టుకున్నట్టు నా భుజం మీద నేనే వేసుకున్నాను. అది తీసినప్పుడు సిగ్గేసింది, నవ్వొచ్చింది, ఇంకా ఏదో అయింది. ఆ ఇంకా ఏదో కూడా ఈ సిరీస్‌లో ఉండాలని నా కోరిక.

సమస్య ఏమిటంటే, పద్నాలుగింటిలో పదకొండు ఫొటోల్లో నా తల లేదు. మెడ దగ్గర ఫ్రేము కోసేసింది. ఫొటోలు తీసే ఒక చిన్న బృందానికి చూపించాను. ఒకావిడ వెంటనే, "ఇది 1930లలో సర్రియలిస్టు మగవాళ్ళు చేసిందే కదా. ఆడదాని తల నరికి మొండెం చూపించడం. ఇందులో ఫెమినిజం ఎక్కడుంది?" అంది. (సర్రియలిస్టులంటే కలల్లాంటి వింత బొమ్మలు చేసిన కళాకారులు.) పక్కనున్నాయన జిప్పు ఫొటో వైపు కాసేపు చూసి "చాలా సెన్సువల్‌గా ఉంది" అన్నాడు. ఆవిడ మాటకి బాధపడ్డాను కానీ ఆయన మాట మాత్రం ఇప్పటికీ నలగ్గొడుతోంది.

నిజం ఒప్పుకుంటాను. తల తీసేసింది ఏ సిద్ధాంతం కోసమూ కాదు. ఎవరైనా గుర్తుపడతారేమోనని భయం, అంతే. ఇప్పుడు అన్నీ మళ్ళీ ముఖంతో సహా తీయాలా? లేక కోరిక, జడ, గ్లవ్ లాంటివన్నీ తీసేసి ఆ మచ్చ ఒక్కటే చూపిస్తే "సరైన" ఫెమినిస్టు పని అవుతుందా? అలా చేయాలని నాకు లేదు, ముందే చెబుతున్నాను.


పాత నెగెటివ్:

ముందుగా అభినందనలు. రెండు మాటలు.

సర్రియలిస్టుల ఫొటోల్లో ఉన్న ఆడవాళ్ళందరినీ పాపం బలిపశువులుగా చూడటం ఈ మధ్య ఫ్యాషన్ అయింది. సర్రియలిస్టు ఫొటోగ్రాఫర్ మాన్ రే 1924లో ఒక ఆడమనిషి వీపుని వయొలిన్‌లా చూపిస్తూ తీసిన ఫొటోలో ఉన్న కికి ఉత్త మోడల్ కాదు. తనూ బొమ్మలు వేసేది. 1927లో పారిస్‌లో ఆమె చిత్రాల ప్రదర్శన జరిగింది, 1929లో ఆత్మకథ అచ్చయింది. కళాకారులుండే పారిస్ పేట మోంపర్నాస్‌లో ఆమె తెలియని మనిషి లేడు. ఆ ఫొటో ఆమె ఇష్టంతో, ఆమె చమత్కారంతో కలిసి పుట్టిందని నా నమ్మకం.

ఆంద్రె కెర్టెస్ అనే ఫొటోగ్రాఫర్ 1933లో వంకర అద్దాలు పెట్టి ఇద్దరు మోడల్స్‌తో దాదాపు 200 ఫొటోలు తీశాడు. వాటిలో ఒళ్ళు మైనంలా కారిపోతుంది. అందులో ద్వేషం నాకెక్కడా కనబడదు, ఆట కనబడుతుంది. మీ గాజు గిన్నె ఫొటో ఆ కుటుంబానిదే. సంతోషంగా ఆ చుట్టరికం ఒప్పుకోండి. ముఖం ఉందా లేదా అని లెక్కపెట్టే వాళ్ళని పట్టించుకోకండి.


ఎర్రబల్బు:

సగం వెలుగు గారూ, ఆ తల గొడవ కాసేపు పక్కన పెట్టండి. మీ బృందంలో ఆవిడ తప్పు చోట చూసింది. చూడాల్సింది తలని కాదు, చేతుల్ని. ఎందుకో చెబుతాను. ముప్పై ఏళ్ళు డార్క్‌రూమ్‌లో ఒంటరిగా గడిపిన మనిషిని, మాట్లాడటం మొదలుపెడితే ఆపను, భరించండి.

పాత నెగెటివ్ గారు చెప్పిన వయొలిన్ ఫొటోనే తీసుకుందాం. కికి వీపు మనవైపు. నడుం దగ్గర వయొలిన్‌కి ఉండే రెండు ఎఫ్ ఆకారపు రంధ్రాలు. 2022లో దాని ఒక ప్రింటు వేలంలో 1 కోటి 24 లక్షల డాలర్లకి పోయింది, అంతవరకూ ఏ ఫొటోకీ వేలంలో అంత ధర రాలేదు. సరే. ఆ ఫొటోలో తల ఉంది! తలపాగా ఉంది, చెవికి లోలాకుంది, ముఖం కొంచెం పక్కకి తిరిగి ఉంది. లేనివి చేతులు. ముందుకి ముడుచుకుంది కాబట్టి మనకి కనబడవు. వయొలిన్‌కి చేతులుండవు కదా. మరి వాయించే చెయ్యి ఎక్కడ? ఫ్రేములో లేదు. మనం నిలబడి చూస్తున్నామే, అక్కడుంది. ఆ ఫొటో పేరు ఫ్రెంచి వాళ్ళ నానుడి. ఆంగ్ర్ అనే చిత్రకారుడికి వయొలిన్ సరదా ఉండేదట, దాంతో "ఆంగ్ర్ వయొలిన్" అంటే హాబీ అని అర్థం స్థిరపడింది. అంటే ఆవిడ ఎవరికో తీరిక వేళ కాలక్షేపం. జోకు బాగానే ఉంది. కాకపోతే ఆ జోకు ఎవరి చేతుల్లో ఉందో చూడండి.

ఇప్పుడు గ్రేటె స్టెర్న్ అనే ఫొటోగ్రాఫర్ దగ్గరికి రండి. ఈమెని చాలామంది చూడలేదు, అదే నా బాధ. జర్మనీలో పుట్టి, బౌహౌస్ అనే కళాశాల‌లో చదివి, 1930ల మధ్యలో అర్జెంటీనా వెళ్ళి స్థిరపడింది. 1948 నుంచి 1951 దాకా అక్కడ ఇదీలియో అనే ఆడవాళ్ళ పత్రికకి పనిచేసింది. పాఠకురాళ్ళు తమ కలలు ఉత్తరాల్లో రాసి పంపేవాళ్ళు. రిచర్డ్ రెస్ట్ అనే మారుపేరుతో ఇద్దరు మగవాళ్ళు వాటికి మనోవిశ్లేషణ రాసేవాళ్ళు. ఒక్కో కలకి స్టెర్న్ ఒక ఫొటోమాంటేజ్ (ఫొటో ముక్కలు అతికించి చేసే బొమ్మ) చేసేది. దాదాపు 140 చేసింది. కలకి అర్థం చెప్పేది వాళ్ళు, బొమ్మలో ఎదురు చెప్పేది ఈమె. (ఇది నా అభిప్రాయం. ఆ జీతం మీద బతుకుతూ అంతకన్నా గట్టిగా ఎవరు చెప్పగలరు?)

వాటిలో ఒక దీపం ఉంది. టేబుల్ మీద పెట్టుకునే షేడున్న దీపం. దాని కాండం ఉండాల్సిన చోట ఒక ఆడమనిషి ఒదిగి కూర్చుంది, తల మీద షేడు. పక్క నుంచి కోటు చేతితో ఒక మగ చెయ్యి, ఆమెకన్నా పెద్దది, స్విచ్ నొక్కబోతోంది. వయొలిన్ ఫొటోలో ఫ్రేము బయట దాక్కున్న చెయ్యి ఇదే. స్టెర్న్ దాన్ని మణికట్టు పట్టుకుని లోపలికి లాగింది. ఆడమనిషి వస్తువైపోవడం రెండిట్లోనూ ఉంది, రెండూ సర్రియలిజమే. కానీ దీపం బొమ్మ చూస్తున్నప్పుడు "ఆ చెయ్యి ఎవరిది?" అని అడగకుండా ఉండలేం.

లీ మిల్లర్ది ఇంకా ఘోరం. మంచి అర్థంలోనే అంటున్నాను. 1929లో పారిస్ వచ్చి మాన్ రే దగ్గర శిష్యురాలిగా చేరింది, ప్రియురాలు, మోడల్, తర్వాత సొంత స్టూడియో. ఆ రోజుల్లోనే ఒక ఆసుపత్రిలో వేరే ఆవిడకి జరిగిన రొమ్ము తీసేసే ఆపరేషన్ తర్వాత, తీసేసిన ఆ రొమ్ముని గుడ్డ కప్పి వోగ్ పత్రిక స్టూడియోకి పట్టుకెళ్ళింది. పింగాణీ పళ్ళెంలో పెట్టి, పక్కన ఫోర్కూ కత్తీ సర్ది, రెండు ఫొటోలు తీసింది. వెంటనే గెంటేశారు. ఆ ఫొటోలో తలా లేదు, మొండెమూ లేదు, మనిషే లేదు. చెయ్యీ లేదు. కానీ ఫోర్కు ఉంది. తీసుకోండి అంటోంది. వయొలిన్ వేసిన ఎత్తే, అదే ఊళ్ళో, ఐదారేళ్ళ తర్వాత. ఈసారి చూసేవాడి చెయ్యి వెనక్కి వెళ్తుంది.

ఇక మీ జిప్పు. జిప్పు అంటేనే ఒక చెయ్యి అండీ. ఎవరో లాగడానికే కదా అది ఉన్నది. మీరు సగం తెరిచి వదిలేశారు, లోపల మఖమల్ చీకటి, ఫ్రేములో చెయ్యి లేదు. అందుకే ఆయన సెన్సువల్ అన్నాడు. ఆయన దుర్మార్గుడని కాదు, మీరు జిప్పు ఆయన చేతికిచ్చారు. డాక్టరుకి అందుతుంది, కాపురానికి అందుతుంది, పాలు తాగే పిల్లకి అందుతుంది, దారినపోయే ప్రేక్షకుడికి అందుతుంది. మీకు తప్ప. కోప్పడకండి, ఫొటో బాగుంది కాబట్టే ఇంత చెబుతున్నాను.

ఆ గ్లవ్ ఫొటో ఉందే, మీరు సిగ్గుపడిందీ, అదే మీ పద్నాలుగింటిలో అసలైనది, చూడకుండానే చెబుతున్నాను. చెయ్యి ఫ్రేములో ఉంది, అది మగదిగా ఉంది, మీదే అయి ఉంది. కోరిక తీసేయమని మీకెవరు చెప్పారు? డోరా మార్ అనే ఫొటోగ్రాఫర్ 1934లో చేసిన శంఖం బొమ్మ చూడండి. ఇసుక మీద శంఖం, అందులోంచి గోళ్ళకి రంగున్న ఒక ఆడ చెయ్యి పాక్కుంటూ బయటికొస్తోంది, వెనక తుఫాను ఆకాశం. అది బొమ్మ చెయ్యి. అయినా దాన్ని చూస్తే ఒంట్లో ఏదో కదులుతుంది. అందులో ఎవరూ ఎవరినీ వాయించడం లేదు.


కొత్తగా చేరాను:

ఇంత చదివాక నాదొక చిన్న సందేహం, వేరే విషయం అనుకోకపోతే. మాన్ రే, లీ మిల్లర్ ఫొటోల్లో ఒంటి చుట్టూ నల్లటి గీత గీసినట్టు ఉంటుంది కదా, సోలరైజేషన్ అంటారే. అది ఫోన్ ఫిల్టర్లతో చేస్తే ప్లాస్టిక్ బొమ్మలా వస్తోంది. ఎందుకు?


ఎర్రబల్బు:

వేరే విషయం ఏమీ కాదు. డెవలప్ అవుతుండగా మధ్యలో వెలుగు తగిలితే, అప్పటిదాకా వెలుగు తగలని భాగాలు నల్లబడటం మొదలెడతాయి. రెండు టోన్లు కలిసే అంచు దగ్గర రసాయనం అలిసిపోయి ఉంటుంది, అక్కడ గీత నిలుస్తుంది. ఫిల్టరు మొత్తం బొమ్మ మీద ఒకే లెక్క వేస్తుంది, దానికి అంచు దగ్గర అలసట అంటే ఏం తెలుస్తుంది? ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో టోన్లు మార్చే కర్వ్స్‌లో మధ్య టోన్లని తిరగేసి, దాన్ని వేరే లేయర్‌గా సగం పారదర్శకంగా పెట్టి, అంచుల దగ్గర చేత్తో మాస్కు గీసుకోండి. కొంచెం దగ్గరికొస్తుంది.

ఆ ప్రభావం పందొమ్మిదో శతాబ్దం నుంచే తెలుసు. వీళ్ళకి మళ్ళీ ఎలా దొరికిందో మిల్లర్ చెప్పిన కథ ఉంది. చీకటి గదిలో కాలి మీదుగా ఏదో పాకింది, ఎలకేమో, అరిచి లైటు వేసింది. తొట్లో ఉన్న నెగెటివ్‌లకి వెలుగు తగిలింది. తర్వాత ఏళ్ళ తరబడి ఆ పేరంతా మాన్ రేదే. లైటు వేసిన చెయ్యి ఎవరిదో మళ్ళీ చెప్పక్కర్లేదు కదా!


పాత నెగెటివ్:

ఎర్రబల్బు గారూ, చేతుల సిద్ధాంతం వినడానికి చక్కగా ఉంది. మరీ చక్కగా ఉంది, అదే నా అనుమానం. 1933లో మాన్ రేనే కళాకారిణి మెరెట్ ఓపెన్‌హైమ్‌ని అచ్చు యంత్రం చక్రం పక్కన నగ్నంగా నిలబెట్టి తీశాడు. మోచేతి దాకా సిరా పూసుకున్న చెయ్యి నుదుటి దగ్గర, అరచెయ్యి మన వైపు. చెయ్యి ఫ్రేము మధ్యలోనే ఉంది. దానికేమంటారు?

హాన్స్ బెల్మర్ అనే కళాకారుడి సంగతి కూడా. అతను 1933, 34ల్లో జర్మనీలో కీళ్ళున్న ఆడపిల్ల బొమ్మ తయారు చేసింది నాజీల కాలంలో. వాళ్ళు పరిపూర్ణమైన ఆరోగ్యవంతమైన దేహం అని ఊదరగొడుతుంటే, ఇతను కీళ్ళు ఊడిపోయిన బొమ్మని ఫొటోలు తీశాడు. ప్రభుత్వానికి పనికొచ్చే పని ఏదీ చేయనని ఉన్న పని మానేసి మరీ. దాన్ని కూడా ఆడవాళ్ళ మీద హింస అని ఒక్క ముక్కలో కొట్టేస్తారా?


ఎర్రబల్బు:

సిరా చెయ్యి విషయంలో దొరికిపోయాను. ఆ ఫొటో నా లెక్కకి అడ్డం పడుతుంది. ఎందుకో అదొక్కటే మాన్ రే నగ్నచిత్రాల్లో నాకు విసుగు పుట్టనిది. చక్రం ఆవిడని అచ్చు వేసిందో, ఆవిడే చక్రాన్ని తిప్పిందో తేలదు. మూడేళ్ళకి, 1936లో, అదే ఓపెన్‌హైమ్ టీ కప్పుకీ సాసరుకీ చెంచాకీ బొచ్చు తోలు తొడిగి అందరి నోళ్ళూ మూయించింది. పెదాలకి బొచ్చు తగలడం ఊహించుకోండి. ఒక్క నగ్న శరీరం లేకుండా అంతకన్నా శరీరం ఉన్న వస్తువు ఆ రోజుల్లో ఇంకొకటి రాలేదు.

బెల్మర్ దగ్గర మాత్రం తగ్గను. నాజీలని ఎదిరించాడు, నిజం. ఎదిరించడానికి ఎవరి ఒంటి కీళ్ళు ఊడదీశాడు? అతని ఉద్దేశం ఒకటి, అతని చేతుల్లో పడ్డ బొమ్మ ఒకటి, రెండూ నిజమే. 1992లో అమెరికన్ ఫొటోగ్రాఫర్ సిండీ షెర్మన్ వైద్య విద్యార్థులకి పాఠాలు చెప్పే ప్లాస్టిక్ బొమ్మల్ని కొని, ముక్కలు కలిపి, మర్మాంగాలతో సహా రంగుల్లో తీసింది. చూడటానికి రోత పుడుతుంది. అది బెల్మర్‌కి జవాబని చాలామంది అంటారు. నాకు జవాబులా కాదు, "ఆ బొమ్మ ఇటివ్వు, నేనూ ఊడదీస్తాను" అన్నట్టు ఉంటుంది. అందుకే ఇష్టం.


నీటి గీత:

సగం వెలుగు గారూ, వీళ్ళిద్దరూ ఇలాగే తగువులాడుకుంటుంటారు, మీరు కంగారుపడకండి. నేను మీ భయం గురించి రాస్తాను, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

గుర్తుపడతారన్న భయం చిన్న విషయం కాదు. దాన్ని తప్పులా ఒప్పుకోవాల్సిన పనీ లేదు. ముఖం చూపించడమే ధైర్యమైతే ప్రతి సెల్ఫీ ధైర్యమే. ఫ్రెంచి కళాకారిణి క్లాడ్ కాహున్ ఫొటోల్లో ముఖం నిండుగా ఉంటుంది, గుండు కొట్టించుకున్న తల, సూటిగా చూపు. అయినా ఆ మనిషి మనకి దొరకదు. 1927లో బరువులెత్తే పహిల్వాన్ వేషం, బుగ్గల మీద హృదయం గుర్తులు, ఛాతీ మీద "శిక్షణలో ఉన్నాను, ముద్దు పెట్టవద్దు" అని ఇంగ్లీషులో రాసుంటుంది. ముఖమే అక్కడ ముసుగు. ఇంకో సంగతి, ఆ ఫొటోల్లో చాలావాటికి కెమెరా వెనక ఆమె సహచరి మార్సెల్ మూర్ ఉండేదని ఇప్పుడు చాలామంది అనుకుంటున్నారు. సెల్ఫ్ పోర్ట్రెయిట్ అంటే ఒంటరిగానే తీసుకోవాలని ఎవరూ శాసనం చేయలేదు. నమ్మకమైన మనిషి ఒకరుంటే పిలవండి. (వీళ్ళిద్దరినీ జెర్సీ దీవిలో నాజీలు 1944లో పట్టుకుని మరణశిక్ష వేశారు. నాజీ సైనికులకే నాజీ వ్యతిరేక కరపత్రాలు పంచినందుకు. శిక్ష అమలు కాకుండానే యుద్ధం అయిపోయింది. దీనికి మీ ప్రశ్నతో సంబంధం లేదు, చెప్పకుండా ఉండలేకపోయాను.)

అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఫ్రాంచెస్కా వుడ్‌మన్‌ది ఇంకో దారి. పాడుబడ్డ ఇంట్లో, ఊడొచ్చిన గోడ కాగితం వెనక నిలబడి, పొయ్యి గూట్లో దూరి, షట్టర్ తెరిచి ఉండగా తల అటూ ఇటూ తిప్పేది. ముఖం పొగలా మిగిలేది. తల నరకక్కర్లేదు, కదిపితే చాలు. ఒక సెకను నుంచి మొదలెట్టి నాలుగైదు సెకన్ల దాకా వేసి చూడండి. ఒళ్ళు గోడకి ఆనించి బిగబట్టి, తల మాత్రం కదపండి. ఆమె 1981లో 22 ఏళ్ళకే చనిపోయింది. అందరూ ఆ చావు వైపు నుంచే ఫొటోలు చదువుతారు, నాకు చిరాకు. అందులో చాలా వాటిలో కొంటెతనం ఉంది, ఆ సరదా ఎవరికీ కనబడదు.

మచ్చ ఒక్కటే చూపించాలా అన్నారు. ఆస్ట్రియా కళాకారిణి బిర్గిట్ యుర్గెన్సెన్ 1975లో చేసింది చూస్తే మీకే ధైర్యం వస్తుంది. వంట స్టవ్‌ని ఏప్రన్‌లా మెడకి తగిలించుకుని, పోలీసులు నేరస్థుల్ని తీసినట్టు ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి తీయించుకుంది. అవెన్ తలుపు తెరిచి ఉంటుంది, లోపల్నుంచి రొట్టె ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది. ఆ రొట్టె కడుపులో బిడ్డా, మగ అంగమా, వంటేనా? మూడూనూ. చూసి నవ్వుతాం, నవ్వుతూనే గొంతులో ఏదో అడ్డం పడుతుంది. ఈ మధ్య వాళ్ళలో అయితే ఇంగ్లండ్ ఫొటోగ్రాఫర్ జూనో కలిప్సో. 2015లో కొత్త జంటల హోటల్‌కి ఒంటరిగా వెళ్ళింది, ట్రావెల్ రచయితనని చెప్పి. హృదయం ఆకారపు గులాబీ రంగు తొట్టిలో తనని తనే తీసుకుంది. ఎదురుచూసే కొత్త పెళ్ళికూతురు, వచ్చేవాడు ఎవరూ లేరు. చుట్టూ అద్దాల్లో ఆమే.

ఆఖరుగా, ఫైళ్ళు ఎవరికైనా పంపేముందు అందులో ఉండే లొకేషన్ వివరాలు తీసేయండి. గోడ మీద ఫ్రేములు, కిటికీలోంచి కనబడే మేడలు, చేతి మీద పుట్టుమచ్చ, ఇవే ముఖం కన్నా ముందు పట్టిస్తాయి.


సగం వెలుగు:

అందరికీ ధన్యవాదాలు. మూడు రోజులు జవాబు రాయలేదు, ఎందుకో చెబుతాను.

ఎర్రబల్బు గారి పోస్టు చదివాక కోపం వచ్చింది. "జిప్పు మీకు తప్ప అందరికీ అందుతుంది" అన్న వాక్యం దగ్గర లాప్‌టాప్ మూసేశాను. మా పిల్ల నిద్రపోయాక మళ్ళీ తెరిచి, పనికిరాదని పక్కన పడేసిన ఫోల్డర్ వెతికాను. ఆ రోజు జిప్పు సిరీస్‌లో 63 ఫ్రేములు తీశాను. పది సెకన్ల టైమర్ పెట్టి పరిగెత్తి వచ్చి పడుకునేదాన్ని. జిగురు వేడికి కరిగి జిప్పు ఒకవైపు లేచిపోతూ ఉండేది. 41వ ఫ్రేములో సర్దుతూ ఉండగానే షట్టర్ పడిపోయింది. నా చెయ్యి వచ్చేసిందని చిరాకుపడి పక్కన పడేశాను.

ఎక్స్‌పోజర్ రెండు సెకన్లు. వేళ్ళు చెదిరిపోయాయి, జిప్పు పట్టీ దగ్గర పొగలా ఉన్నాయి. బొటనవేలు మాత్రం పొట్టకి నొక్కి పెట్టాను కాబట్టి కదల్లేదు, చర్మం ముడతతో సహా స్పష్టంగా ఉంది. జిప్పు మూస్తోందా తెరుస్తోందా అంటే నాకే తెలియడం లేదు. నిజానికి ఆ క్షణంలో రెండూ కాదు, అతికిస్తున్నాను.

పాత నెగెటివ్ గారూ, గాజు గిన్నె చుట్టరికం ఒప్పుకుంటున్నాను, అది అలాగే ఉంటుంది. నీటి గీత గారూ, తల తిప్పి చూశాను, మూడు సెకన్లకి మెడ పట్టేసింది, కానీ రెండు ఫ్రేములు బాగున్నాయి. పుట్టుమచ్చ సంగతి అసలు ఆలోచించలేదు, గుండె జారింది.

నా ప్రశ్న ఇప్పుడు ఒక్కటే. ఆ 41వ ఫ్రేముని చెయ్యి స్పష్టంగా వచ్చేలా, సరైన లైటుతో మళ్ళీ తీయాలా?


ఎర్రబల్బు:

వద్దు. మళ్ళీ తీస్తే చెయ్యి నటిస్తుంది. ప్రింటు తీసేటప్పుడు ఆ బొటనవేలు దగ్గర కాస్త డాడ్జ్ చేయండి (ఆ చోటు మాత్రం కొంచెం వెలుగు పెంచడం), చాలా కొద్దిగా, పావు స్టాప్ చాలు. మఖమల్ నలుపుని మాత్రం ముట్టుకోకండి. గ్లవ్ ఫొటో పక్కనే దీన్ని పెట్టి ఒకసారి చూడండి.


సగం వెలుగు:

డాడ్జ్ చేశాను. బొటనవేలి గోరు చివర ఆరిపోయిన జిగురు చార ఒకటి బయటపడింది. తీసేద్దామని జూమ్ చేసి, కాసేపు చూసి, ఉంచేశాను. గ్లవ్ ఫొటో పక్కన పెడితే రెండు చేతులూ ఒకే సైజులో లేవు, గ్లవ్ పెద్దది. రెండు ప్రింట్లూ గోడకి గుచ్చాను, తలుపు గడియ వేసి.